నాన్నగారు చూసిన సినిమా

2025 ఏప్రిల్ ఆఖర్లో మా నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. మేముండేది ఐర్లండ్‌కి సరిగ్గా నడిమధ్యలో, షానన్ నది ఒడ్డున ఉన్న ఆథ్లోన్ అనే ఊళ్ళో. అమ్మ రాలేదు. మోకాళ్ళ నొప్పులు, పైగా అంతసేపు విమానంలో కూర్చోలేనంది. "మీ నాన్నని జాగ్రత్తగా చూసుకో, రాత్రి పడుకునేటప్పుడు మంచం పక్కన మంచినీళ్ళు పెట్టడం మర్చిపోకు" అని మాత్రం మూడుసార్లు చెప్పింది.

ఆయన వచ్చిన పది రోజులకే అక్కడ ఆపరేషన్ సిందూర్ మొదలైంది. మీ ఇళ్ళల్లో ఎలా ఉందో గానీ మా ఇంట్లో మాత్రం ఆ నాలుగు రోజులూ ఎవరికీ నిద్ర లేదు. మావారు ఆఫీసు పని లాప్‌టాప్‌లో, యుద్ధం టీవీలో చూసేవారు. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, మామూలుగా దోసెల పిండి ఎక్కడ దొరుకుతుందని అడిగే వాళ్ళు కూడా జెనరల్స్ అయిపోయారు. మే 8 రాత్రి కొన్ని ఛానెళ్ళు కరాచీ ఓడరేవు నాశనమైపోయిందని చెప్పాయి. మా గ్రూపులో టపాకాయల బొమ్మలు వరసగా పడ్డాయి. తెల్లారేసరికి అదంతా ఉత్తదేనని తేలింది. టపాకాయలు పెట్టినవాళ్ళు వాటిని తీసెయ్యలేదు, ఎవరూ దాని గురించి మళ్ళీ మాట్లాడనూ లేదు. నేనూ ఒకటి పెట్టాను, దాచడమెందుకు.

ఆ మర్నాడే శ్రీ సత్యసాయి జిల్లా కల్లి తండాకి చెందిన మురళీ నాయక్ సరిహద్దులో చనిపోయాడని వార్త వచ్చింది. అగ్నివీర్‌గా చేరిన కుర్రాడు. టీవీలో ఆ ఇంటిని, జనాన్ని, పూలదండల్ని మళ్ళీ మళ్ళీ చూపించారు. నేను ఏడుస్తూ చూస్తున్నాను. నాన్నగారు లేచి వచ్చి రిమోట్ తీసుకుని టీవీ కట్టేశారు.

"ఆ తల్లిని కాసేపు ఒంటరిగా ఉండనివ్వండమ్మా" అన్నారు. నాతోనా, టీవీతోనా తెలీదు.

మా నాన్నగారు సైన్యంలో పనిచేశారు. సిగ్నల్స్‌లో హవల్దార్. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల సైన్యంలో చేరడం వింతేమీ కాదు, దగ్గర్లోనే ఉన్న మాధవరాన్ని 'మిలిటరీ మాధవరం' అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళారు. అయితే నాన్నగారు వెళ్ళిన యుద్ధం గురించి మా ఊళ్ళోగానీ, మా ఇంట్లోగానీ ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఆయన 1987లో శ్రీలంక వెళ్ళారు. ఐ.పి.కె.ఎఫ్. అంటే మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు. భారత శాంతి పరిరక్షక దళం. జులైలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం చేసుకున్నాక అక్కడి తమిళులకీ సింహళీయులకీ మధ్య శాంతి నిలబెట్టడానికని వెళ్ళినవాళ్ళు అక్టోబరుకల్లా ఎల్.టి.టి.ఇ.తోనే యుద్ధంలోకి దిగారు. 1990 మార్చిలో చివరి దళం తిరిగి వచ్చేసరికి దాదాపు 1,200 మంది చనిపోయారు.

నాకప్పుడు ఏడేళ్ళు. గుర్తున్నవి తక్కువ. పొద్దున ఏడింటికి రేడియోలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చేటప్పుడు అమ్మ పొయ్యి మీద ఏముందో కూడా చూసుకునేది కాదు. '56 ఏ.పి.ఓ.' అని రాసిన ఇన్‌లాండ్ కవర్లు. జాఫ్నా అన్న మాట వినపడితే నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆయన తిరిగొచ్చిన రోజు మాత్రం బాగా గుర్తుంది. నల్ల ట్రంకుపెట్టె రిక్షాలోంచి దించుతుంటే పక్కింటాయన "ఏమోయ్, శ్రీలంక నుంచి టీవీ తెచ్చావా?" అని అడిగాడు. అప్పట్లో అక్కడికి వెళ్ళిన సిపాయిలంతా జపాన్ టీవీలు, టేప్ రికార్డర్లు తెచ్చుకున్నారని చెప్పుకునేవాళ్ళు. నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. ఊరు ఆయనకిచ్చిన స్వాగతం అదే. పెద్ద స్వాగతాల సంగతీ అంతే. చివరి దళం మద్రాసు రేవులో దిగినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి అక్కడికి వెళ్ళలేదు. తమిళుల మీద తుపాకీ పట్టిన సైన్యానికి తాను స్వాగతం చెప్పలేనన్నది ఆయన వాదన. ఆ వాదనలో నిజం లేదని నేననను, దాని సంగతి తర్వాత చెప్తాను.

1999లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. కార్గిల్. మన దేశంలో యుద్ధాన్ని ఇళ్ళల్లో కూర్చుని టీవీలో చూడటం అదే మొదలు. విలేకరులు మంచుకొండల కింద నిలబడి మాట్లాడేవాళ్ళు, వెనకాల బోఫోర్స్ ఫిరంగులు పేలేవి. జెండా కప్పిన పెట్టెలు సొంత ఊళ్ళకి వచ్చేవి. మేము కాలేజీ ఆడపిల్లలం హుండీలు పట్టుకుని బజారంతా తిరిగి చందాలు పోగుచేశాం. ఇంటికొచ్చి నాన్నగారి ముందు కూడా హుండీ చాపాను. ఆయన యాభై రూపాయలు వేశారు. మా నాన్న కూడా సైనికుడేనని ఆ క్షణంలో నాకు తోచనేలేదు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది గానీ అదే జరిగింది. కార్గిల్ సైనికుడంటే టీవీలో కనిపించేవాడు. మా నాన్న అంటే లుంగీ కట్టుకుని ఎరువుల కొట్టు లెక్కలు రాసుకునే మనిషి.

ఆథ్లోన్‌కి మేము 2014లో వచ్చాం. ఇక్కడ నది ఒడ్డున, పాత కోటకి దగ్గర్లోనే కస్ట్యూమ్ బారక్స్ అని సైనిక స్థావరం ఉంది. మా అబ్బాయిని స్కూల్లో దింపి నేను రోజూ దాని గోడ పక్కనుంచే వెళ్ళేదాన్ని. రెండేళ్ళ తర్వాత, 2016 సెప్టెంబరులో ఒకరోజు ఊళ్ళో హడావుడి. ముసలివాళ్ళు కోట్ల మీద మెడల్స్ పెట్టుకుని, మనవళ్ళ చేతులు పట్టుకుని వెళ్తున్నారు. ఏమిటని ఆఫీసులో అడిగితే "జాడోవిల్" అన్నారు. ఇంటికొచ్చి చదివాను.

1961 సెప్టెంబరు. కాంగోలో కటంగా అనే ప్రాంతం విడిపోతానంటే ఐక్యరాజ్యసమితి సైన్యం అక్కడ దిగింది. అందులో మన సైన్యమూ ఉంది, ఐర్లండ్ సైన్యమూ ఉంది. కమాండంట్ పాట్ క్విన్లన్ కింద సుమారు 155 మంది ఐరిష్ సిపాయిలు జాడోవిల్ అనే గనుల పట్నంలో ఉన్నారు. ఎక్కువమంది ఈ ఆథ్లోన్ బారక్స్ నుంచి వెళ్ళినవాళ్ళు, చాలామంది ఇరవై నిండని కుర్రాళ్ళు. 13వ తేదీ పొద్దున వాళ్ళు ప్రార్థనలో ఉండగా కటంగా సైన్యం, కిరాయి సిపాయిలు వేల సంఖ్యలో చుట్టుముట్టారు. ఐదు రోజులు నిలబడ్డారు. సాయం వస్తున్న దళం లుఫీరా వంతెన దాటలేకపోయింది. తూటాలైపోయాయి, తిండి అయిపోయింది, నీళ్ళు అయిపోయాయి. చివరికి లొంగిపోయారు. వాళ్ళలో ఒక్కరూ చనిపోలేదు. నెల రోజులకి పైగా బందీలుగా ఉండి, డిసెంబరులో ఇంటికొచ్చారు.

ఇంతమందిని ప్రాణాలతో తెచ్చిన క్విన్లన్‌ని నెత్తిన పెట్టుకుని ఉంటారనుకుంటాం కదా. కాదు. ఆయన తన వాళ్ళలో 33 మందికి శౌర్య పతకాలు ఇవ్వమని సిఫారసు చేస్తే ఒక్కటీ ఇవ్వలేదు. లొంగిపోవడం సైన్యానికి నామోషీ. 'జాడోవిల్ జాక్' అన్నది ఎగతాళి మాట అయింది. క్విన్లన్ 1997లో చనిపోయారు, ఏ గౌరవమూ చూడకుండానే.

ఇందులో నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి ఉంది. దానికి పది నెలల ముందు, 1960 నవంబరులో, అదే కాంగోలో నియెంబా అనే చోట తొమ్మిదిమంది ఐరిష్ సిపాయిలు మాటుదాడిలో చనిపోయారు. వాళ్ళ శవపేటికలు డబ్లిన్ వీధుల్లో వెళ్తుంటే రోడ్ల వెంట జనం లక్షల్లో నిలబడ్డారు. పత్రికలనిండా అవే ఫొటోలు. అంటే ఈ దేశానికి సైనికుల మీద ప్రేమ లేక కాదు. చచ్చిపోయి వచ్చినవాళ్ళని ఎలా చూడాలో తెలుసు. ఓడిపోయి, బతికి వచ్చినవాళ్ళని ఎలా చూడాలో తెలీలేదు. పైగా జాడోవిల్ వాళ్ళు లొంగిపోయిన రాత్రే ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షోల్డ్ విమానం కూలిపోయి చనిపోయాడు. ప్రపంచ పత్రికలన్నీ అటు తిరిగాయి. ఐర్లండ్‌లో సొంత టీవీ కూడా అప్పటికి లేదు. ఆ డిసెంబరు 31 రాత్రే మొదలైంది. టీవీ ఉండి ఉంటే వేరేగా జరిగేదా? ఏమో. మా ఊళ్ళో 1990 నాటికి దూరదర్శన్ వచ్చేసింది, అయినా ఏం జరిగింది?

తర్వాత ఏళ్ళ తరబడి ఆ పాత సిపాయిలు, వాళ్ళ పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2005లో బారక్స్‌లో స్మారక ఫలకం పెట్టారు. ఒక పుస్తకం వచ్చింది. 2016లో నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా వచ్చింది, క్విన్లన్‌గా జేమీ డోర్నన్ వేశాడు. ఆ ఏడే మొత్తం కంపెనీకి ప్రశంసాపత్రం ఇచ్చారు. నేను చూసిన హడావుడి అదే. 2017 డిసెంబరులో ఇక్కడే ఒక్కొక్కరికీ మెడల్ ఇచ్చారు. చాలామందికి బదులు భార్యలో, పిల్లలో అందుకున్నారు. యాభై ఆరేళ్ళు పట్టింది.

సరే, మళ్ళీ మే నెలకి వస్తాను. టీవీ కట్టేసిన తర్వాత శనివారం, కాల్పులు ఆగాయని తెలిశాక, నాన్నగారికి ఆ సినిమా పెట్టాను. ఇంగ్లీషు వేగంగా ఉంటే ఆయనకి అందదు, నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్తున్నాను. ఆయన ముందు అడిగింది "వైర్‌లెస్ సెట్ పనిచేస్తోందా వీళ్ళకి?" అని. సిగ్నల్స్ మనిషి కదా. ఆ రోజుల్లో రేడియోలో హెడ్‌క్వార్టర్స్‌తో మాట్లాడగలిగారనీ, క్విన్లన్ విస్కీ ఉంటే బాగుండునని కూడా కబురు పెట్టాడనీ చెప్తే గట్టిగా నవ్వారు. చుట్టుముట్టిన ఆ రోజుల్లో ఒక హెలికాప్టర్ ఎలాగో నీళ్ళు తెచ్చి దించింది. ఆ నీళ్ళు తెచ్చింది పెట్రోలు డబ్బాల్లో. సరిగా కడగలేదు. తాగడానికి పనికి రాలేదు. ఇది నేను చెప్పగానే నాన్నగారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. కుళాయి తిప్పిన చప్పుడు. చాలాసేపు రాలేదు. నేను సినిమా ఆపి వెళ్ళాను.

గ్లాసు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ చెప్పారు. జాఫ్నా దగ్గర ఒక స్కూలు బిల్డింగులో మూడు రోజులు ఇరుక్కుపోయారట. ఆవరణలో బావి ఉంది. నీళ్ళల్లో ఏం కలిపారోనని ముట్టుకోవద్దని ఆర్డరు. బావి కళ్ళముందే ఉంది. పక్కన విజయనగరం కుర్రాడొకడికి గాయమైంది, వాడు బావి వైపు చూసి తెలుగులో నీళ్ళడుగుతున్నాడు. ఆ ప్లటూన్‌లో ఆ భాష అర్థమైంది నాన్నగారొక్కరికే.

"ఇచ్చారా?" అన్నాను.

"ఆర్డరు ఉందిగా అమ్మా" అన్నారు.

నేనింకేమీ అడగలేదు. ఆయనా చెప్పలేదు. మిగతా సినిమా చూడలేదు మేము.

ఇప్పుడు ఇందాక తర్వాత చెప్తానన్న సంగతి. నాతో పనిచేసే ఒకావిడ జాఫ్నా తమిళురాలు. నాకంటే రెండేళ్ళు పెద్ద. పదేళ్ళుగా లంచ్ బాక్సులు మార్చుకుంటున్నాం, వాళ్ళ సాంబారుకీ మన పులుసుకీ తేడా మీద వాదించుకుంటున్నాం. 1987 అక్టోబరులో తను అక్కడే ఉంది. ఆ నెల 21న, దీపావళి రోజు, జాఫ్నా ఆసుపత్రిలోకి భారత సైన్యం ప్రవేశించాక డాక్టర్లు, నర్సులు, రోగులు కాల్పుల్లో చనిపోయారు. తనే ఒకసారి చెప్పింది, వాళ్ళకి తెలిసిన నర్సు ఒకావిడ తిరిగి రాలేదని. 'ఇండియన్ ఆర్మీ' అన్న మాట తన నోట్లో ఎలా పలుకుతుందో నేను విన్నాను. మా నాన్నగారు అప్పుడక్కడ ఉన్నారని నేనింతవరకూ ఆవిడకి చెప్పలేదు. ఆయన ఇక్కడున్న రెండు నెలలూ ఆవిణ్ణి ఇంటికి పిలవలేదు. ఏవో సాకులు చెప్పాను.

నాన్నగారిని మాత్రం అడిగాను. అడగడానికి నాకు వారం పట్టింది. ఆ రోజు ఆసుపత్రి దగ్గర ఉన్నారా అని.

"లేను. వేరేచోట ఉన్నాం." కాసేపాగి, "ఉంటే ఏం చేసేవాణ్ణో తెలీదు" అన్నారు.

ఆ సమాధానం ఏ ఛానెల్లోనూ రాదు. ఛానెళ్ళకి వీరుడు కావాలి, లేదా ద్రోహి కావాలి. ఇక్కడా అంతే. 2021లో ఐరిష్ రేడియోలో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ళు తమ మీద జరిగిన వేధింపులు, అత్యాచారాల గురించి సొంత గొంతులతో చెప్పారు. అంతకుముందు ఏళ్ళ తరబడి వాళ్ళ ఫిర్యాదులు ఫైళ్ళలోనే ఉన్నాయి. రేడియోలో వచ్చాకే ప్రభుత్వం స్వతంత్ర విచారణ వేసింది, 2023లో నివేదిక వచ్చింది, తర్వాత ట్రిబ్యునల్ మొదలైంది. సైన్యాన్ని అప్రతిష్ఠ పాలు చేస్తున్నారని వాళ్ళని అన్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళూ సైనికులే కదా, మరి వాళ్ళకి మద్దతు సైన్యానికి మద్దతు కాదా? డాలస్‌లో ఉండే మా చెల్లెలు ఈ మాట వింటే ఒప్పుకోదు. అక్కడ విమానాశ్రయాల్లో సైనికులని ముందు ఎక్కిస్తారు, స్టేడియంలో లేచి నిలబడి చప్పట్లు కొడతారు, చూస్తే కళ్ళు చెమరుస్తాయక్కా అంటుంది. నిజమే, నాకూ చెమర్చాయి. కానీ ఆ ఆటల్లో జరిగే కొన్ని సన్మానాలకి అమెరికా రక్షణశాఖే జట్లకి డబ్బు కట్టిందని 2015లో ఇద్దరు సెనేటర్లు బయటపెట్టారు. లెక్క 68 లక్షల డాలర్లు. వాళ్ళలో ఒకరు జాన్ మెకేన్, వియత్నాంలో అయిదేళ్ళకి పైగా బందీగా ఉన్న మనిషి. నేను చెప్తే మా చెల్లెలు "నీకెప్పుడూ అనుమానాలే" అంది.

జూన్‌లో నాన్నగారిని డబ్లిన్ తీసుకెళ్ళాం. ఐలండ్‌బ్రిడ్జ్‌లో యుద్ధ స్మారక వనం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 49 వేలకు పైగా ఐరిష్‌వాళ్ళ కోసం కట్టింది. కట్టిన లట్యెన్స్ మన ఇండియా గేట్ కట్టినాయనే. బ్రిటిష్ యూనిఫాంలో వెళ్ళిన ఆ సిపాయిలు తిరిగొచ్చేసరికి వాళ్ళ దేశం మారిపోయింది, బ్రిటిష్‌వాళ్ళతోనే యుద్ధానికి దిగింది. ఏ సైన్యంలో పనిచేశావంటే చెప్పుకోలేని పరిస్థితి. ఈ తోటని కూడా పట్టించుకోక పాడుపెట్టి, 1980ల్లో బాగుచేసి 1988లో తెరిచారు. గులాబీలు విరగబూసి ఉన్నాయి. నాన్నగారు రాతిబెంచీ మీద కూర్చుని, "మాకు కొలంబోలో కట్టారటమ్మా ఇలాంటిది, శ్రీలంకవాళ్ళు" అన్నారు. నిజమే. అక్కడ పార్లమెంటుకి దగ్గర్లో ఐ.పి.కె.ఎఫ్. స్మారకం ఉంది. ఏ దేశం పొమ్మందో ఆ దేశమే కట్టింది. "చూడాలనుందా?" అంటే "మీ అమ్మ రాదుగా" అన్నారు.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. లెబనాన్‌లో ఐక్యరాజ్యసమితి తరఫున పనిచేసి వచ్చిన ఐరిష్ సిపాయి. మూడేళ్ళు పక్కపక్కన ఉన్నాక గానీ నాకా సంగతి తెలీలేదు, ఆయన చెప్పలేదు. నాన్నగారు వెళ్ళేలోపు ఇద్దరికీ పరిచయం చేశాను. ఐ.పి.కె.ఎఫ్. అంటే ఆయన ఎప్పుడూ వినలేదు. జాడోవిల్ అంటే మాత్రం చిన్నప్పుడు మా వీధిలో అది తిట్టు అన్నారు. ఇద్దరూ తోటలో రెండు కుర్చీలు వేసుకుని గంటన్నర కూర్చున్నారు. నేను టీ తీసుకెళ్ళి చూస్తే ఎవరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. పావురాలని చూస్తున్నారు.

నాన్నగారు జులైలో వెళ్ళిపోయారు. తర్వాత ఒకరోజు ఫోన్లో అమ్మతో ఆ నీళ్ళ సంగతి చెప్పాను. విజయనగరం కుర్రాడి సంగతి కూడా.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "నాతో ఎప్పుడూ చెప్పలేదే" అంది.

"మరి మంచం పక్కన నీళ్ళు పెట్టమని అన్నిసార్లు చెప్పావుగా?"

"వచ్చిన కొత్తల్లో రాత్రిళ్ళు లేచి నీళ్ళబిందె మూత తీసి చూసి వచ్చి పడుకునేవారే. తాగేవారు కాదు. ఎందుకని అడగలేదు, చెంబుతో పక్కన పెట్టడం మొదలెట్టా" అంది అమ్మ. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఫోను పెట్టేసింది.